“మా వాడికో బాస్కెట్‌బాల్ కోచ్‌ని చూడండి మేడమ్”



మొన్నటి పేరెంట్ మీటింగ్‌లో ఒక తండ్రి అందరూ వెళ్లేదాకా వరండాలోనే కూర్చున్నారు. ఆయనకు ఊళ్లో పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. అబ్బాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లిష్ మార్కుల గురించి అడుగుతారేమో అని జవాబు పత్రాలు బయటికి తీశాను. ఆయన వాటివైపు చూడనైనా లేదు. “మార్కులు సరే మేడమ్. మా వాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టింది. మీరు కాలేజీలో ఆడినారంట కదా. ఒక మంచి పర్సనల్ కోచ్‌ని చూడండి. ఫీజు ఎంతైనా పర్వాలేదు” అన్నారు.

నేను ఇంటర్లో, డిగ్రీలో హాస్టల్ టీములో ఆడిన మాట నిజమే. అంత గొప్ప ప్లేయర్‌నేం కాదు. ఒకసారి క్లాసులో “పాసివ్ వాయిస్” చెబుతూ ‘బాల్ నా చేత పాస్ చేయబడింది’ అని ఉదాహరణ ఇచ్చాను. అక్కడి నుంచి మాట ఊరంతా పాకినట్టుంది.

ఆ తండ్రి అడిగినందుకు నాకు చాలా సంతోషం వేసింది. ఈ ఉద్యోగంలో చేరాక లెక్కల ట్యూషన్ గురించి, ఒలింపియాడ్ గురించి, హ్యాండ్‌రైటింగ్ గురించి అడిగినవాళ్లను చూశాను గానీ, ఆట నేర్పించమని ఇంత పట్టుదలగా అడిగినవాళ్లను చూడలేదు. ఆ తర్వాత రెండు నెలలు మా పీఈటీ సార్, నేను, ఆయన కలిసి కోచ్ కోసం వెతికాం. ఒక పొరపాటు చేశాం. దాన్ని దిద్దుకున్నాం కూడా. ఈలోగా ఇంకో నలుగురు తల్లులు, తండ్రులు నన్ను ఇదే అడిగారు. అందుకే ఈ నెల నాకిచ్చిన పేజీలో స్పోకెన్ ఇంగ్లిష్ చిట్కాలు పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాను.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. కోచ్‌ని పెట్టుకోండి. కానీ ఒక్క పిల్లాడి కోసం పెట్టుకోవద్దు.

మన బేతంచెర్ల లాంటి ఊళ్లో ఈ అవసరం ఎందుకు వచ్చిందో మొదట చూద్దాం. క్రికెట్ నేర్చుకోవాలంటే కోచ్ అక్కర్లేదు. సాయంత్రం ఏ ఖాళీ స్థలానికి వెళ్లినా పెద్ద పిల్లలు ఆడుతుంటారు. చిన్నవాడు మొదట బంతి ఏరుకొచ్చి ఇస్తాడు, తర్వాత ఫీల్డింగ్ చేస్తాడు, ఏడాది తిరిగేసరికి బ్యాట్ అందుకుంటాడు. కబడ్డీ, వాలీబాల్ కూడా అంతే. ప్రతి పల్లెలో ఆ ఆట ఆడిన అన్నో మామో ఒకరుంటారు. బాస్కెట్‌బాల్‌కు ఆ వరుస లేదు. 2023 డిసెంబర్లో ప్రభుత్వం ‘ఆడుదాం ఆంధ్రా’ పెట్టినప్పుడు గ్రామ స్థాయి నుంచి ఆడించిన ఆటలు క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. బాస్కెట్‌బాల్ అందులో లేదు. ఉన్నా మన దగ్గర ఎన్ని టీములు వచ్చేవో చెప్పలేను. కోర్టు కావాలి, రింగు కావాలి, అన్నిటికన్నా ముందు ఆట తెలిసినవాళ్లు కావాలి.

కాబట్టి మన పిల్లలకు గురువు ఎవరయ్యా అంటే ఫోన్. స్టెఫెన్ కర్రీ మూడు పాయింట్ల షాట్ వేసే రీల్ చూసి, అదే షాట్ వేయాలని అంతే దూరం నుంచి బంతి విసురుతారు. కోర్టులో ఆ గీత రింగుకు 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లాడి భుజానికి ఆ బలం ఉండదు. బంతి రింగు దాకా వెళ్లాలని నడుము వంచి, రెండు చేతులతో, పక్కకు తిరిగి విసురుతాడు. అలా ఆరు నెలలు విసిరితే అదే అలవాటవుతుంది. అది మాన్పించడానికి మరో ఏడాది. కర్రీ అంతటివాడికే హైస్కూల్లో ఉండగా తండ్రి డెల్ కర్రీ షాట్ మొత్తం మార్పించారు. ఆయన స్వయంగా ఎన్‌బీఏ ఆటగాడు. నడుము దగ్గర నుంచి వేసే షాట్‌ను తల పైకి తెచ్చుకునే సరికి ఆ వేసవంతా ఆ అబ్బాయికి నరకమైందట. రీల్‌లో ఆ వేసవి కనపడదు. అంచేత చూసి చెప్పే పెద్ద మనిషి ఒకరు ఉండాలనుకోవడం డబ్బున్నవాళ్ల సరదా అని నేను అనను. నిజంగానే కావాలి.

అయితే మేం మొదట తెచ్చిన కోచ్ కథ వినండి.

వేరే ఊరి కుర్రాడు. పేరు, ఊరు అనవసరం. ఫోన్ నిండా వీడియోలు. కోన్లు, నిచ్చెనలాంటి తాళ్లు, రబ్బరు బ్యాండ్లు అన్నీ బ్యాగులో తెచ్చాడు. “ఆరు నెలల్లో డిస్ట్రిక్ట్ సెలక్షన్ గ్యారంటీ సార్” అన్నాడు. మూడు నెలల ఫీజు ముందే ఇవ్వాలన్నాడు. ఆ తండ్రి అప్పటికే ఫ్యాక్టరీ వెనకాల ఉత్సాహంగా ఒక సగం కోర్టు తయారు చేయించారు. ఏ రాయితోనో చెప్పాలా! మన నాపరాయే. పాలిష్ పట్టిన పలకలు, అతుకులు కనపడకుండా పరిచారు. ఇల్లైతే ఎంత బాగుండేదో. గోడకు రింగు బిగించారు. నేను టేపు పెట్టి కొలిస్తే తొమ్మిదిన్నర అడుగులు వచ్చింది. ఉండాల్సింది పది అడుగులు, అంటే 3.05 మీటర్లు.

ఆ పలకల మీద రాతిపొడి ఒక పొర. మన ఊళ్లో రాతిపొడి లేని చోటేది? ఆ నున్నటి నేల మీద, ఆ పొడిలో, మొదటి రోజే పిల్లాడితో రెండు వందల గెంతులు గెంతించాడు. బంతి చేతికి ఇచ్చింది చివరి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ వీడియో తీశాడు. వీడియో చూసిన తండ్రికి చాలా నచ్చింది. నాకూ నచ్చింది, దాచుకోవడం ఎందుకు. మంచి మ్యూజిక్ పెట్టాడు.

పదిహేను రోజులకు అబ్బాయి క్లాసులో మెట్లెక్కుతూ మోకాలు పట్టుకున్నాడు. మోకాలి చిప్పకు సరిగ్గా కింద నొప్పి. కోచ్‌కు చెబితే “నొప్పి లేకుండా ఆట రాదు” అన్నాడట. నంద్యాలలో డాక్టర్‌కు చూపిస్తే కొన్ని వారాలు గెంతులు బంద్ అన్నారు. ఎముకలు త్వరత్వరగా పెరిగే ఈ వయసులో గెంతే ఆటలు ఆడే పిల్లలకు చిప్ప కింద అలాంటి నొప్పి తరచూ వస్తుందట. భయపడాల్సిన జబ్బు కాదు గానీ, నొప్పి ఉండగా గెంతించకూడదు. ఇది ఆ కోచ్‌కు తెలియదు. మాకూ తెలియదు. మేం అడగనూ లేదు.

నేనైనా అడగాల్సింది. ఇంటర్ చదివేటప్పుడు ఒక వేసవి శిబిరంలో నా చీలమండ మడతపడితే, మాకు నేర్పడానికి వచ్చినాయన గట్టిగా గుడ్డ కట్టి మ్యాచ్ పూర్తి చేయమన్నాడు. పూర్తి చేశాను, చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పటికీ చలికాలంలో ఆ కాలు నాకు తేదీ గుర్తు చేస్తూనే ఉంటుంది. అంత అనుభవం ఉండి కూడా వీడియో చూసి మురిసిపోయాను. సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత మేం నేర్చుకున్నవి చెబుతాను.

కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దగ్గర ఏ లైసెన్సూ అక్కర్లేదు. కాబట్టి కాగితం అడగడం మన బాధ్యత. బీపీఎడ్ అంటే స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు కావడానికి చదివే డిగ్రీ. అందులో అన్ని ఆటలూ కొంచెం కొంచెం ఉంటాయి. ఒకే ఆటలో శిక్షకుడు కావాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది. మనవాళ్లు దాన్నే ఎన్ఐఎస్ అంటారు. 1961లో మొదలైన సంస్థ అది. అదే సంస్థ ఇచ్చే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు వేరు. రెండింటికీ పేరు ఎన్ఐఎస్సే కావడంతో చాలామంది ఆరు వారాల కోర్సు చేసి “ఎన్ఐఎస్ కోచ్” అని కార్డు కొట్టించుకుంటారు. అబద్ధమనలేం, పూర్తి నిజమూ కాదు. ఏది చేశారో అడగండి. ఇక “స్టేట్ ప్లేయర్” అన్న సర్టిఫికెట్ ఆయన ఆడినట్టు చెబుతుంది గానీ, నేర్పగలడని చెప్పదు. నాకు ఇంగ్లిష్ వచ్చినంత మాత్రాన ఇంగ్లిష్ చెప్పడం వచ్చేయలేదు కదా. దానికే బీఎడ్‌లో అన్ని లెసన్ ప్లాన్లు రాయించారు.

మరోవైపు, ఏ కాగితమూ లేకుండా బంగారంలా నేర్పే పాత పీఈటీ సార్లు ఉన్నారు. వాళ్లను వదులుకోవద్దు. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టారు. అప్పుడు మన జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. దక్షిణాదిన డ్రిల్లు మాస్టార్ల తరాలు అక్కడ తయారయ్యాయి. బాస్కెట్‌బాల్ మన దేశానికి వచ్చింది కూడా వైఎంసీఏల ద్వారానే. పాత హైస్కూళ్లలో రిటైరైన సార్లను కదిపి చూడండి. ఆట గురించి అడిగితే కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చూపిస్తారు.

ఎక్కడ వెతకాలి అంటే, ఇంటర్నెట్లో కన్నా మనుషుల్ని అడగడం మేలు. జిల్లా బాస్కెట్‌బాల్ సంఘాన్ని అడగొచ్చు. నంద్యాల, కర్నూలు కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లను అడగొచ్చు, యూనివర్సిటీ టీములకు ఆడిన పిల్లలు ఎవరెవరో వాళ్లకు తెలుస్తుంది. రైల్వేలో, పోలీసు శాఖలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగులుంటారు. మాకు ప్రస్తుతం వస్తున్న కోచ్ మా పీఈటీ సార్ బీపీఎడ్ స్నేహితుడి ద్వారా దొరికారు. మా పీఈటీ సార్ కబడ్డీ మనిషి. “నాకు ఈ ఆట పైపైనే తెలుసు, తెలిసినవాడిని పట్టుకొస్తా” అని నిజాయితీగా చెప్పి, నిజంగానే పట్టుకొచ్చారు.

దొరికాక ఒక రోజు ఉత్తినే చూడండి. ఫీజు మాట తర్వాత. మీకు ఆట తెలియక్కర్లేదు. పిల్లలు ఎంతసేపు కదులుతున్నారు, ఎంతసేపు వరుసలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు? మొదట ఒళ్లు వేడెక్కించారా? పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని అడిగారా? మంచి కోచ్ బంతి వైపు కన్నా పాదాల వైపు ఎక్కువ చూస్తాడు. మా రెండో కోచ్ మొదటి రోజు సగం సమయం ఒక్కటే నేర్పించారు: పరిగెత్తుకొచ్చి రెండు కాళ్ల మీద శబ్దం రాకుండా ఆగడం. మోకాళ్లు కొంచెం వంగాలి, లోపలికి పడిపోకూడదు. “చప్పుడైతే లెక్క లేదు” అన్నారు. పిల్లలకు అదే ఆట అయిపోయింది. అదే పిల్లాడు, అవే మోకాళ్లు. గెంతడం కన్నా ముందు దిగడం నేర్పాలని మొదటి కోచ్‌కు ఎవరూ చెప్పలేదు పాపం.

ఆయన మొదటి రోజే నాపరాయి కోర్టు చూసి తల అడ్డంగా ఊపారు. ఫ్యాక్టరీ యజమాని మొహం చిన్నబోయింది. రాయి మంచిదే సార్, దాని మీద పడుకోవచ్చు, గెంతకూడదు అన్నారు. నున్నటి రాయి జారుతుంది, దెబ్బనంతా మోకాలికే తిప్పికొడుతుంది. గరుకు సిమెంటు కూడా గట్టిదే గానీ కాలు జారదు. మంచి బూట్లుంటే నెట్టుకురావచ్చు.

బంతి గురించి కూడా ఒక మాట. షాపులో అడగగానే ఏడో నంబర్ బంతి ఇస్తారు. అది మగవాళ్లు ఆడేది, బరువు సుమారు ఆరు వందల గ్రాములు. ఆడవాళ్లకు ఆరో నంబర్. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఐదో నంబర్, అర కిలో లోపే ఉంటుంది. ఆ వయసు వాళ్లు ఆడే మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు కూడా 2.60 మీటర్ల ఎత్తులోనే పెడతారు. మూడో తరగతి పిల్లకు ఏడో నంబర్ బంతి కొనివ్వడమంటే, నాన్న చెప్పులు వేసి పరుగు పందేనికి పంపడమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక్కడికే కోచ్ ఎందుకు వద్దంటున్నాను?

ఆ తండ్రి నాతో వాదించారు. “సింధుకు గోపీచంద్ లేరా మేడమ్?” అన్నారు. ఉన్నారు. కానీ పుల్లెల గోపీచంద్ సింధు ఇంటికి వచ్చి నేర్పలేదు. సింధే రోజూ సికింద్రాబాద్ వైపు నుంచి గచ్చిబౌలిలోని ఆయన అకాడమీకి వెళ్లేది. అక్కడ తనకన్నా బాగా ఆడే పిల్లలు పక్క కోర్టుల్లో ఉండేవాళ్లు. ఆమె తండ్రి రమణ గారు 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆడినవారు. ఆటంటే ఏమిటో ఆ ఇంట్లో తెలుసు. పైగా సింగిల్స్ బ్యాడ్మింటన్ ఒంటరి ఆట. బాస్కెట్‌బాల్ ఐదుగురి ఆట. ఎన్‌బీఏకు ఎంపికైన మొట్టమొదటి భారతీయుడు సత్నామ్ సింగ్ సంగతి చూడండి. పంజాబ్‌లో బల్లో కే అనే చిన్న పల్లె. ఎత్తు పెరుగుతున్న కొడుకును తండ్రి లుధియానా అకాడమీలో చేర్పించారు. అక్కడ తనలాంటి పొడుగు పిల్లల మధ్య ఆడాడు, 2010లో స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లాడు, 2015లో డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకుంది. ఆ పల్లెలోనే ఒక మాస్టారిని పెట్టి ఒంటరిగా ఆడించి ఉంటే?

ఈ ఆట పుట్టిందే ఒక క్లాసు కోసం. 1891 డిసెంబర్లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడికి ఒక అల్లరి క్లాసు అప్పగించారు. బయట మంచు. లోపల విసిగిపోయి ఉన్న పద్దెనిమిది మంది కుర్రాళ్లు. వాళ్లను కూర్చోబెట్టలేక, పీచ్ పళ్ల బుట్టలు రెండు బాల్కనీ అంచుకు మేకులతో కొట్టించి, పదమూడు నియమాలు రాసి నోటీసు బోర్డుకు అంటించాడు. తొమ్మిది మందికి ఎదురుగా తొమ్మిది మంది. ఆరో పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి గ్రామర్ చెప్పే నాకు ఆయన కష్టం బాగా అర్థమవుతుంది.

ఒంటరిగా నేర్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. షాట్ వేసేటప్పుడు మోచేయి ఎక్కడుండాలి, ఎడమ చేత్తో డ్రిబ్లింగ్, గోడకు పాసులు. ఇవి కోచ్ ఒకసారి సరిచేశాక పిల్లాడు ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు చేసుకోవచ్చు. దానికి నెలకు పన్నెండు రోజులు కోచ్‌ని పక్కన నిలబెట్టి డబ్బు ఇవ్వడం దండగ. ఒంటరిగా రానివే అసలైనవి. ఎదుటివాడు చేయి అడ్డం పెట్టినప్పుడు ఎవరికి పాస్ ఇవ్వాలి? మనవాడు షాట్ వేస్తుంటే రీబౌండ్ కోసం ఎక్కడ నిలబడాలి? బంతి మన చేతిలో లేనప్పుడు ఏం చేయాలి? మ్యాచ్‌లో ఎక్కువ సేపు బంతి మన చేతిలో ఉండదు కదా. కోన్ చుట్టూ తిరగడం ఎన్నాళ్లయినా నేర్పొచ్చు. కోన్ కదలదు, మోసం చేయదు, ఓడిపోయి ఏడవదు.

మొదటి కోచ్ దగ్గర ఆ అబ్బాయి డ్రిబ్లింగ్ బాగానే నేర్చాడు. నొప్పి తగ్గాక స్కూల్లో ఇంటర్ హౌస్ మ్యాచ్ ఆడించాం. మ్యాచ్ అంతా చూశాను, ఒక్క పాస్ కూడా ఇవ్వలేదు. కావాలని కాదు. పక్కన మనుషులుండగా ఆడటం వాడికి అలవాటే లేదు. ఆ సాయంత్రం తండ్రి నాకు ఫోన్ చేసి, “మిగతా పిల్లల్ని కూడా పిలుద్దామా మేడమ్” అన్నారు. నేను చెప్పాల్సిన మాట ఆయనే అన్నారు.

ఆరుగురు చాలు. ముగ్గురు ముగ్గురుగా ఆడే త్రీ బై త్రీ ఆట టోక్యో ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్ క్రీడే. పూర్తి కోర్టు 28 మీటర్లు, 15 మీటర్లు ఉంటే, దీనికి పదిహేనుకు పదకొండు మీటర్ల స్థలం, ఒకే రింగు సరిపోతాయి. పది నిమిషాలు, లేదా ఎవరు ముందు ఇరవై ఒక్క పాయింట్లు చేస్తే వాళ్లు. మన ఊరికి సరిగ్గా సరిపోయే కొలత.

లెక్క కూడా చూడండి. మా కోచ్ నంద్యాల నుంచి వస్తారు. ఒక్కో రోజుకు ఆరు వందలు, నెలకు పన్నెండు రోజులు, అంటే ఏడు వేల రెండు వందలు. రాకపోకలకు పదిహేను వందలు. మొత్తం ఎనిమిది వేల ఏడు వందలు. ఒక్క ఇల్లు మోస్తే అది చిన్న బరువు కాదు, ఆ బరువు పిల్లాడి మీద కూడా పడుతుంది. ‘ఇంత పోస్తున్నాం, ఇంకా సెలక్ట్ కాలేదేం’ అన్న మాట ఏదో ఒక రోజు భోజనం దగ్గర వస్తుంది. ఆరిళ్లు పంచుకుంటే ఇంటికి పద్నాలుగు వందల యాభై. నెలకు ఒకసారి, నెల పూర్తయ్యాక. మూడు నెలల అడ్వాన్స్ ఎవరూ ఇవ్వొద్దు. పరీక్షల నెలలో ఎన్ని రోజులు, వానొస్తే ఏం చేయాలి, కోచ్ రాకపోతే ఏం చేయాలి అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. మేం అరఠావు మీద రాసుకున్నాం. ఇప్పటిదాకా గొడవ రాలేదు.

జిల్లా సెలక్షన్ గ్యారంటీ అన్నవాళ్లకు నమస్కారం పెట్టి పంపించండి. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 అని వయసుల వారీగా టీములు తీస్తారు. సెలక్షన్ రోజు ఎంతమంది వస్తారో, ఎవరు బాగా ఆడతారో ఏ కోచ్ ముందుగా చెప్పగలడు? వయసు తగ్గించి రాయిద్దాం అన్న సలహా వస్తే ఆ రోజే ఆపేయండి. ఆ సలహా ఇచ్చినవాడు మీ పిల్లాడికి రేపు ఇంకేం నేర్పుతాడో ఆలోచించండి.

ఇంకో సంగతి చాలామంది తల్లులు నన్ను పక్కకు పిలిచి అడిగారు, బయటికి అడగలేకపోయారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు మంచి ఎత్తు, ఆడాలని చాలా ఇష్టం. “ఒక్కదాన్నే మగ కోచ్ దగ్గరికి ఎట్ల పంపేది మేడమ్?” అన్నారు వాళ్లమ్మ. ఒక్కదాన్నే పంపొద్దు. ఇందులో మొహమాటపడాల్సింది, కోచ్ నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు. అబ్బాయిలకూ ఇదే నియమం. మూసిన గదిలో, ఎవరూ లేని చోట శిక్షణ వద్దు. ఆట తీరు దిద్దడానికి చేయి పట్టుకోవాల్సి వస్తే అందరి ముందే పట్టుకోవాలి, ముందు చెప్పాలి. కోచ్ మెసేజీలు పెద్దలున్న గ్రూపులోకే రావాలి, పిల్లల ఫోన్‌కు కాదు. పిల్లల రక్షణకు 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. చట్టం దాకా పోయే పరిస్థితి రాకుండా ఒక పెద్ద మనిషి గట్టు మీద కూర్చుంటే చాలు. మంచి కోచ్ ఈ మాట మనకన్నా ముందే చెబుతాడు. మావారు చెప్పారు, అంటే మా కోచ్ గారు. అచ్చులో తప్పర్థం రాకూడదని రాస్తున్నాను, నాకింకా పెళ్లి కాలేదు.

ఇక మన స్కూలు సంగతి. ఇది రాయకుండా పైదంతా రాస్తే తల్లిదండ్రులను మాత్రమే సర్దుకోమన్నట్టు ఉంటుంది. మన బ్రోషర్ మీద బాస్కెట్‌బాల్ కోర్టు ఫొటో ఉంది. ఆ కోర్టు నిజంగానే ఉంది. అడ్మిషన్ల రోజుల్లో మీలో చాలామందికి నేనే నడిపించి చూపించాను. టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్లూ ఉన్నాయి. కానీ యూనిట్ టెస్టులకు రెండు వారాల ముందు ఆ పీరియడ్లు ఏమవుతాయో మీ పిల్లలను అడగండి. స్లిప్ టెస్టులవుతాయి. పోయిన ఆగస్టులో ఎనిమిదో తరగతి గేమ్స్ పీరియడ్ ఒకటి నేనే అడిగి తీసుకున్నాను, రిపోర్టెడ్ స్పీచ్ మిగిలిపోయిందని. క్లాసులోకి వెళ్లగానే ముప్పై ఎనిమిది మొహాలు ఎలా వాడిపోయాయో ఇప్పటికీ కళ్లముందుంది. ఆ ముప్పై ఎనిమిదిలో పాలిష్ ఫ్యాక్టరీ గారబ్బాయి ఒకడు. పగలు స్కూల్లో వాడి ఆట నేను తీసుకుని, సాయంత్రం వాడికి డబ్బిచ్చి ఆట కొనిపెట్టడానికి నేనే కోచ్‌ని వెతికాను. ఈ లెక్క నాకు ఎంత వేసినా సరిపోవడం లేదు.

2009 విద్యాహక్కు చట్టం బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలాన్నీ చెప్పింది. స్థలం ఉంటే సరిపోదు, అందులోకి పిల్లలను వదిలే సమయమూ ఉండాలి. ఫీజు కట్టే తల్లిదండ్రులు ఐఐటీ ఫౌండేషన్ క్లాసు ఒకటి తప్పితే ఫోన్ చేస్తారు. గేమ్స్ పీరియడ్ తప్పితే ఇప్పటిదాకా ఒక్కరూ ఫోన్ చేయలేదు. మీరు అడిగితే మాకు బలం. ఇంకో గేమ్స్ పీరియడ్ ఇక నేను అడగను. ఇది అచ్చులో ఉంది కాబట్టి పిల్లలు నన్ను పట్టుకోవచ్చు.

ప్రస్తుతం మా ఏర్పాటు ఇదీ. మంగళ, గురు, శుక్రవారాలు సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా. శని, ఆదివారాలు పెట్టలేదు, మద్దిలేటి స్వామి దర్శనానికి వెళ్లే ఇళ్లు, పెళ్లిళ్లకు వెళ్లే ఇళ్లు ఎక్కువ. నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఒకరు సిమెంట్ నగర్ నుంచి వస్తారు. తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్లమ్మ గట్టు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకుంటారు. మొదట్లో ఆట వైపు చూసేవారు కాదు. పోయిన వారం “ఆ పిల్లోడు మూడు అడుగులేసినాడు, ట్రావెలింగ్ కదా” అని కోచ్‌నే అడిగారు. నాపరాయి కోర్టు ప్రస్తుతం రాళ్లు ఆరబెట్టుకోవడానికి పనికొస్తోంది. దాని రింగు మాత్రం తీయలేదు. పది అడుగులకు జరిపించారు.

స్కూల్ కోర్టులో ఆడుకోవడానికి ప్రిన్సిపాల్ సార్ రెండు నెలలకు అనుమతి ఇచ్చారు. ఆరున్నరకే చీకటి పడుతోంది, లైటు ఒకటే ఉంది, అది రింగు వెనకాల కాకుండా గేటు వైపు ఉంది. వాచ్‌మన్ తాత ఏడింటికి తాళం వేసి ఇంటికి పోవాలి, ఆయన బాధ ఆయనది. వచ్చే పేరెంట్ మీటింగ్‌లో రెండు విషయాలు అడగబోతున్నాను: ఇంకో లైటు ఎవరు పెట్టించాలి, ఏడు దాటాక తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి. ఇంకో ఆరుగురు పిల్లలు పేర్లు ఇచ్చి ఎదురుచూస్తున్నారు. వీలైతే మార్కుల లిస్టు చూసుకున్నాక వెంటనే వెళ్లిపోకుండా పదిహేను నిమిషాలు ఆగండి.